పూర్వప్రతిబలిత సంయుక్త దూలములు: కాలప్రభావము



ఎవరి స్మృత్యర్థమై మనము నేడిచ్చట సమావేశమైతిమో ఆ గురువర్యులు జీవించియున్నంతకాలము సభలకును సన్మానములకును దూరముగ మెలగినవారు గనుక, వారి గుణగణములను విస్తరించి వర్ణించుట వారికి ప్రియమగు పని కాదని యెరుగుదును. తరగతి గదిలోనే గాక ప్రయోగశాలలోను, వంతెనల క్రిందను శిష్యులను వెంటబెట్టుకొని తిరుగుచు, వారు జీవితమంతయు విడువక పట్టుకొనిన ప్రశ్న యొకటి కలదు: కట్టడము కట్టిననాడు ఎట్లుండునో లెక్కించుట మనకు తెలిసినదే, అది ముప్పది యేండ్లకు, అరువది యేండ్లకు ఎట్లుండును? ఈ ప్రశ్నను, ఉక్కును కాంక్రీటును ఒక్కటియై భారము మోయుచు, అంతటితో నాగక బిగించిన తీగల బలమును గూడ భరించునట్టి దూలముల విషయమున విచారించుట నేటి నా యుపన్యాసమునకు వస్తువు.

ఉక్కు దూలముమీద కాంక్రీటు స్లాబును పోసి, దూలపు పై ఫ్లాంజికి ముందే వెల్డు చేసిన తలగల మేకులచే, అనగా స్టడ్లచే, ఆ రెండును ఒకదానిపై నొకటి జారకుండ బంధించినచో నది సంయుక్త దూలమగును. దాని క్రింది ఫ్లాంజి పొడవునను హెచ్చుబలము గల ఉక్కు తీగలను సాగదీసి రెండు కొనలయందును బిగించినచో, భారము పడకముందే భారమునకు వ్యతిరేకమైన వంపు దూలమున నేర్పడును. ప్రీస్ట్రెస్ అని మనమందరమును వాడుకొను పూర్వప్రతిబలము ఇదియే. ఇక్కడ మూడు ద్రవ్యములు కూడియున్నవి. దూలపు ఉక్కు మామూలు ఉష్ణోగ్రతలయందు కాలముచే మారునది కాదు. సాగియున్న తీగ తన పొడవు మారకున్నను మెల్లమెల్లగా సడలును. కాంక్రీటు ఎండుచు సంకోచించును. అదిగాక, ఎడతెగని ఒత్తిడికి లోనై యేటేట మరికొంత కుదించుకొనిపోవును. ఈ రెండవ గుణమును క్రీప్ అందురు. ఒకే కాడికి పూన్చిన రెండెడ్లలో నొకటి క్రమముగ వెనుకకు తగ్గినప్పుడు బరువెల్ల రెండవదాని మెడపై బడునట్లు, కాంక్రీటు తాను వహించిన భారమును సంవత్సరముల తరబడి ఉక్కునకు అప్పగించుచుండును. పైకి జూచినవారికి వంతెన కదలదు. లోపల మాత్రము భారవిభజన మారుచునే యుండును.

ఈ మార్పు తెలియకపోవుటచేతనే పూర్వప్రతిబలమను భావన నలువది యేండ్లపాటు ఫలింపలేదని చెప్పుట అతిశయోక్తి కాదు. 1880వ దశకముననే అమెరికాలో జాక్సన్, జర్మనీలో డోయరింగ్ ఉక్కును సాగదీసి కాంక్రీటును నొక్కియుంచు పద్ధతులకు పేటెంట్లు పొందిరి. నాటి మెత్తని ఉక్కును చదరపు మిల్లీమీటరునకు 120 న్యూటన్ల వరకు లాగిరనుకొందము. (ఇకమీదట న్యూటన్లన్నప్పుడెల్ల చదరపు మిల్లీమీటరునకని గ్రహింపవలెను.) ఉక్కు స్థితిస్థాపక గుణకము 2 లక్షల న్యూటన్లు గనుక ఆ తీగ సాగినది పొడవులో 0.0006వ వంతు మాత్రమే. కాంక్రీటు సంకోచము 0.0003, క్రీప్ మరియొక 0.0003 అయినచో, సాగదీసిన దంతయు తిరిగి కుదించుకొనిపోయి తీగలో బలమే మిగులదు. అదే 1000 న్యూటన్ల వరకు లాగదగిన గట్టి తీగయైనచో అది 0.005వ వంతు సాగును, దానిలో 0.0006 పోయినను నూటికి 88 పాళ్లు నిలిచియుండును. సిద్ధాంతమంతయు ఈ తీసివేతలోనే యున్నది.

ఈ తీసివేతను పుస్తకములనుండి గాక ప్రత్యక్షముగ నేర్చినవాడు ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ ఫ్రెసినే. ఆలియే నదిపై ల్యవర్‌ద్ర్ గ్రామము కడ ఆయన మూడు చదునైన కాంక్రీటు కమానులు నిర్మించెను. వానిలో మధ్యది 72.5 మీటర్లది. 1911 ప్రాంతమున, వంతెన వాడుకలోనికి వచ్చిన పిమ్మట, కమానుల శిరస్సులు దినదినము క్రుంగుచున్నట్లు ఆయన గమనించెను. ఆనాటి ప్రభుత్వ నిబంధనలు కాంక్రీటు స్థితిస్థాపక గుణకము స్థిరమని చెప్పుచుండగా, కండ్లయెదుటి వంతెన మాత్రము అది స్థిరము కాదని చాటుచుండెను. పరంజాను వదులుచేయుటకై కమానుల శిరస్సులయందు తాను విడిచిన ఖాళీలలో జాకీలను తిరిగి అమర్చి, కొద్దిమంది పనివారి సాయముతో ఆయన కమానులను మరల పైకెత్తి, ఆ ఖాళీలను కాంక్రీటుతో పూడ్చెను. రెండవ ప్రపంచయుద్ధమున నాశనమగు వరకు ఆ వంతెన చక్కగా నిలిచెను. పూర్వప్రతిబలమునకు సంబంధించిన ఆయన పేటెంటు 1928వ సంవత్సరమున, అనగా పదునేడేండ్లకు వచ్చినది. ఆ నడుమ కాలమంతయు ఆయన ఆ యనుభవమును మననము చేయుచునేయుండెనని నా నమ్మిక.

మన విషయమునకు ఫ్రెసినే కన్న సమీపుడు జర్మను దేశీయుడైన ఫ్రాంజ్ డిషింగర్. క్రీప్‌ను అవకలన సమీకరణములలోనికి దెచ్చి కట్టడముల లెక్కకు ఉపయోగపడునట్లు చేసిన మహనీయుడాయన. కాంక్రీటు లోపల గాక వెలుపల తీగలను పరచుట, వానిని ఎప్పుడు వలసిన అప్పుడు తిరిగి బిగించుట ఆయన మార్గము. సాక్సనీలోని ఔవె పట్టణమున 69 మీటర్ల మధ్యవ్యవధి గల వంతెనను 1937లో ఈ పద్ధతినే నిర్మించిరి. అందలి కడ్డీల ఉక్కు నేటి తీగలంత బలమైనది కాదు గనుక నష్టము అధికమయ్యెను. 1962లోను, తిరిగి 1980వ దశకమునందును కడ్డీలను మరల లాగవలసివచ్చెను. దీనిని వైఫల్యమని వ్రాసినవారున్నారు. నాకట్లు తోచదు. పాతికేండ్ల తరువాత తన లోటును సరిదిద్దుకొనుటకు వీలైన వంతెన వైఫల్యమెట్లగును? వెలుపలి తీగలుగల ఆ కాలపు వంతెనకు మాత్రమే అట్టి యవకాశముండెను. 1949లో అదే డిషింగర్, ఉక్కు వంతెనలను కాంక్రీటు స్లాబుతో గలిపి, దానికి తోడు దృఢమైన తీగలచే పూర్వప్రతిబలమిచ్చు విధానమును ప్రతిపాదించెను. నేటి మన విషయమునకు మూలపురుషుడని చెప్పదగినవాడు ఆయనయే.

ఇంచుమించు ఆ కాలముననే బెల్జియమునందు లిప్‌స్కీ యను ఇంజనీరు వేరొక దారి తొక్కెను. పైవంపుగల ఉక్కు దూలమును బరువులచే క్రిందికి వంచి, వంగియున్న స్థితిలో క్రింది ఫ్లాంజిచుట్టు కాంక్రీటు పోసి, అది గట్టిపడిన పిదప బరువులు తీసివేసినచో, దూలము తన వెనుకటి ఆకృతికి పోజూచి ఆ కాంక్రీటును నొక్కును. ప్రీఫ్లెక్స్ దూలమనుపేర ఇది లోకమున వ్యాపించినది. తీగలు లేవు, యాంకరేజిలు లేవు. చూచుటకు చాల ముచ్చటయైన యుక్తి. అయినను ఇందు కాంక్రీటును నొక్కుచున్నది మెత్తని ఉక్కు తిరిగి పొందజూచు కొలదిపాటి వికృతియే గనుక, పైన చెప్పిన తీసివేత ఇక్కడ కఠినముగ వర్తించును. సంకోచము, క్రీప్ ఆ నొక్కుడులో గణనీయ భాగమును హరించును. తిరిగి బిగించుటకు మార్గము లేదు.

మా గురువర్యుల ప్రయోగశాలలో, ఉత్తరపు గోడ ప్రక్కన, ఎండ సోకని చోట ఒక చట్రముండెడిది. దళసరి ఉక్కు పలకలు రెండు, వానిని కలుపు నాలుగు మరకడ్డీలు, అడుగున బలమైన స్ప్రింగులు, వాని నడుమ నిలువుగ ఒక కాంక్రీటు సిలిండరు. సిలిండరు ప్రక్కలకు చిన్న ఉక్కు బొట్లు జంటజంటలుగ అతికింపబడియుండెను. ఆ జంటల మధ్య దూరమును డెమెక్ గేజితో కొలిచి రిజిస్టరులో వ్రాయుట శిష్యుల పని. ఆ చట్రము ప్రక్కనే అదే దినమున అదే కాంక్రీటుతో పోసిన వేరొక సిలిండరు ఏ బరువును లేక నిలిచియుండెడిది. ఏ బరువు లేనిది కుదించుకొనినంత సంకోచము. బరువు క్రిందనున్నది అంతకుమించి కుదించుకొనినది, తొలినాటి తక్షణ వికృతి పోగా, క్రీప్. స్ప్రింగు వదులైనంతనే నట్లు బిగించి బరువును సరిచేయవలెను. తెల్లవారుజామున, గదిలో వేడిమి సమముగ నున్నప్పుడే కొలువవలెనని వారి నియమము. మధ్యాహ్నము కొలిచిన యంకెలను వారు రిజిస్టరునందు ఎక్కనిచ్చువారు కారు. ఒక తరగతి వెడలినపిదప మరియొక తరగతి వచ్చి, చేతివ్రాతలు మారుచు, ఆ రిజిస్టరు సాగినది. మొదటి నెలలలో నిట్టనిలువుగ లేచిన గీత పిమ్మట వాలుచు వచ్చెనేగాని, ఎన్నడును పూర్తిగ బల్లపరుపు కాలేదు. లెక్కలో మనము గీయు వక్రరేఖలకన్న ఆ గీతయే నాకు కాలమనునది ఏమి చేయునో నేర్పినది.

ఇప్పుడొక దూలమును దగ్గరగా చూతము. వ్యవధి 25 మీటర్లు. ఉక్కు భాగపు ఎత్తు 1200 మిల్లీమీటర్లు, అడ్డుకోత వైశాల్యము 30,000 చదరపు మిల్లీమీటర్లు. దానిపై 2500 మిల్లీమీటర్ల వెడల్పు, 200 మిల్లీమీటర్ల మందము గల స్లాబు. ఆసరాలు నిలిపి స్లాబు పోసి, గట్టిపడిన పిమ్మట ఆసరాలు తీసినారు. శాశ్వత భారమువలన మధ్యమున సుమారు 1500 కిలోన్యూటన్ మీటర్ల భ్రామకము కలిగినది. భారతీయ రహదారి కాంగ్రెసు వారి సంహిత, ఐ.ఆర్.సి. 22, తాత్కాలిక భారములకు ఉక్కు కాంక్రీటుల గుణకముల నిష్పత్తి 7.5కు తక్కువ కారాదనియు, శాశ్వత భారములకు కాంక్రీటు గుణకమును సగముచేసి ఆ నిష్పత్తిని 15కు తక్కువ కాకుండ గైకొనవలెననియు చెప్పును. ఆ రెండు సంఖ్యలతోను లెక్కించినచో, తటస్థాక్షము అడుగునుండి 1083 మిల్లీమీటర్ల ఎత్తున నున్నది కాలక్రమమున 968కి దిగును. స్లాబు పైభాగమునందలి సంపీడనము 3.65 న్యూటన్లనుండి 2.9కి తగ్గును. క్రింది ఫ్లాంజిలో 94 న్యూటన్ల తన్యత 98 మాత్రమే యగును. అందరి చూపును క్రింది ఫ్లాంజిపైననే యుండుటచేత మార్పు స్వల్పమని తలంతురు. అయితే పై ఫ్లాంజిని చూడుడు: 10 న్యూటన్ల సంపీడనము 23 అగును, రెట్టింపునకు మించినది.

ఇది క్రీప్ ఒక్కదాని ఫలము. సంకోచమును 0.0003గా ఐ.ఎస్. 456 చెప్పినట్లు తీసికొని దానిని గూడ కలిపినచో, పై ఫ్లాంజిలో మరియొక 42 న్యూటన్ల సంపీడనము చేరును, క్రింది ఫ్లాంజిలో సుమారు 12 న్యూటన్ల తన్యత చేరును, ఏ బరువును లేకయే దూలము మధ్యమున సుమారు 17 మిల్లీమీటర్లు క్రుంగును. తొలుత 10 న్యూటన్లతో నిశ్చింతగనున్న పై ఫ్లాంజి తుదకు 65 న్యూటన్లకు చేరుచున్నది. ఉక్కునకు ఇది ప్రాణాపాయము కాదు. కాని 10 అని వ్రాసిపెట్టుకొనినవాడు దూలమునెరిగినవాడు కాడు. కాంక్రీటు గుణకమును సగము చేయుట యను సులభసూత్రము గూడ క్రీప్‌ను తక్కువగనే యెంచును. 28 దినముల వయసున భారము మోపిన కాంక్రీటునకు ఐ.ఎస్. 456 ఇచ్చు క్రీప్ గుణకము 1.6, ఏడు దినములకే మోపినచో 2.2. త్వరపడి ఆసరాలు తీసిన కాంట్రాక్టరు వంతెనకు జీవితాంతపు క్రుంగుడును కట్టబెట్టుచున్నాడన్నమాట.

ఇక తీగ సంగతి. పూర్వప్రతిబలిత కాంక్రీటు దూలములో తీగ చుట్టునున్న కాంక్రీటే కుదించుకొనుచుండును గనుక తీగ బలము తగ్గక తప్పదు. ఆ యభ్యాసముననే చాలమంది సంయుక్త దూలమునందును అదే పాళ్లు నష్టమును తీసివేయుదురు. కాని పైలెక్కను మరల చూడుడు. ఇక్కడ తీగ యున్నది క్రింది ఫ్లాంజి దగ్గర, కాంక్రీటున్నది పైన. కాంక్రీటు సంకోచించి దూలము క్రుంగినకొలది క్రింది ఫ్లాంజి పొట్టిగాదు, కొంచెము పొడుగగును. దానితోబాటు తీగయు సాగి, సుమారు 14 న్యూటన్ల బలమును అదనముగ పొందును. 1100 న్యూటన్ల వద్ద బిగించిన తీగకు ఇది నూటికి ఒకటికి కొంచెమధికము. తీగ తన సహజమైన సడలికచే కోల్పోవునదియే ఇక్కడ ముఖ్యమైన నష్టము. తక్కువ సడలిక గల తీగలకు, తెగుబలమున నూటికి 70 పాళ్ల వద్ద నిలిపి 1000 గంటలు పరీక్షించినప్పుడు, సడలిక 2.5 పాళ్లకు మించరాదని మన ప్రమాణము. సామాన్య ఆధారముల మీది సంయుక్త దూలమున తీగ బలము ఇంత నమ్మకముగ నిలుచుట, నా దృష్టిలో, ఈ విధానమునకు గల మొదటి యోగ్యత. తీగ నిలిచెనని దూలము నిలిచినట్లు కాదని మాత్రము మరువరాదు: తీగ బలము నిలిచియున్నను క్రుంగుడు పెరుగుచునే యుండును.

అనేక ఆధారములపై సాగు అవిచ్ఛిన్న దూలమునకు వచ్చునప్పటికి కథ తారుమారగును. నడిమి స్తంభముల మీద స్లాబు తన్యతకు లోనై పగులజూచును. దీనిని వారించుటకు, స్లాబు పోయుటకు ముందు స్తంభములమీద దూలమును జాకీలతో ఎత్తి, కాంక్రీటు గట్టిపడినపిమ్మట దింపి, స్లాబును నొక్కియుంచు పద్ధతిని యూరపు ఇంజనీర్లు అవలంబించిరి. చేయునాడు దివ్యమైన పద్ధతి. కాని ఇట్లు విధింపబడిన వైకల్యమువలన పుట్టిన ఒత్తిడిని క్రీప్ తక్కినవానికన్న నిర్దయగ తినివేయును. యూరోకోడ్ 4 దీనిని స్పష్టముగ గుర్తించినది: గుణకముల నిష్పత్తిని కాలమునకు తగినట్లు పెంచునప్పుడు క్రీప్ గుణకమును సంకోచమునకు 0.55 చేతను, శాశ్వత భారమునకు 1.1 చేతను, విధించిన వైకల్యమునకు 1.5 చేతను గుణింపవలెనని విధించును. క్రీప్ గుణకము 2 అయినచో నిష్పత్తి క్రమముగ 2.1 రెట్లు, 3.2 రెట్లు, 4 రెట్లు అగును. ఒకే కాంక్రీటు, ఒకే వయసు. భారము వచ్చిన తీరునుబట్టి కాంక్రీటు మూడు విధముల మెత్తనిదిగ ప్రవర్తించుచున్నది. స్థిరముగనుండు భారమునకును, తనంత తాను మెల్లగ పెరుగు సంకోచమునకును గల ఈ భేదమును గణితమున సులభసాధ్యము చేసినవారు 1967లో జర్మనీలో ట్రోస్ట్, 1972లో అమెరికాలో బజాంట్. వయసుతో గట్టిపడు కాంక్రీటు తరువాత వచ్చిన ఒత్తిడికి తక్కువ క్రీప్ చూపునను సంగతిని వారు ఒక్క గుణకములో నిమిడ్చిరి. నేటి సంహితలు చాలవరకు వారి ఋణమున నున్నవి.

ఈ గణితము ఎంత సున్నితమైనను, దీర్ఘకాలమును ఊహించుటలో మనము వినయము వహింపవలసిన హేతువు పసిఫిక్ మహాసముద్రమందలి పలావు ద్వీపముల వంతెన. కోరోర్, బబెల్డావోబ్ ద్వీపముల నడుమ 1977లో 241 మీటర్ల వ్యవధితో కట్టిన ఆ వంతెన సంయుక్త దూలము కాదు, పూర్తిగ కాంక్రీటుది. అయినను పాఠము మనదియే. పదునెనిమిది యేండ్లలో దాని మధ్యభాగము, లెక్కలను మించి, సుమారు ఒకటిన్నర మీటర్లు క్రుంగినది. దానిని సవరించుటకై అదనపు తీగలు బిగించిన కొలది నెలలకే, 1996 సెప్టెంబరు 26న, అది కూలి ఇద్దరు మరణించిరి. తరువాత బజాంట్, ఆయన సహచరులు ఆ వంతెన కొలతలను, మరి పదులకొలది వంతెనల కొలతలను పరిశీలించి, క్రుంగుడు కొన్నియేండ్లకు ఆగిపోవునని తలంచుట సరికాదనియు, దశాబ్దముల తరబడి సాగుచున్నదనియు చూపిరి. మా గురువర్యుల రిజిస్టరులోని గీత బల్లపరుపు కాకపోవుటకు నాకు దొరకిన సమాధానము ఇదియే.

మన దేశమున సంయుక్త నిర్మాణమునకు ఘనమైన ఉదాహరణ కలకత్తాలో 1992లో తెరచిన విద్యాసాగర్ సేతువు. 457 మీటర్ల మధ్యవ్యవధిపై ఉక్కు చట్రమును, దానిపై కాంక్రీటు స్లాబును కేబుల్సు మోయుచున్నవి. ఏటవాలు కేబుల్సు లాగుడువలన ఆ తలమంతయు పొడవునను నొక్కబడియుండును గనుక, స్లాబునుండి ఉక్కునకు బలము బదిలీయగుట అక్కడ మరింత పెద్దయెత్తున జరుగును. మన తెలుగుదేశపు సంగతి వచ్చినప్పుడు గాలిలోని తేమను విస్మరింపరాదు. కాంక్రీటు ఎండుట తేమపై ఆధారపడును. ఒకే డ్రాయింగుపై కట్టిన దూలము మచిలీపట్నపు ఉప్పుగాలిలో కన్న అనంతపురపు పొడిగాలిలో అధికముగ సంకోచించును. ఐ.ఆర్.సి. 112 తేమనుబట్టి వేర్వేరు విలువలనిచ్చుచున్నది. ఆ పట్టికను తెరచి, వంతెన కట్టబోవు చోటి గాలిని మనసున నుంచుకొని, తగిన నిలువువరుసను చూచుటయే కావలసినది. రాయలసీమకును కోస్తాకును ఒకే యంకె వాడిన డిజైను నాకు సమ్మతము కాదు.

యువ ఇంజనీర్లకు నేను విన్నవించునది పనికి సంబంధించినది. టెండరు పత్రములయందే కొలతబొట్లను విధింపుడు: మధ్యమున, పాతికవంతులయందు, స్తంభములమీద, స్లాబునందును రెండు ఫ్లాంజిలయందును. తొలి కొలతను ఆసరాలు తీయకముందే, తెల్లవారుజామున తీసికొనుడు. ఆ యొక్క కొలత లేనిచో తరువాతి కొలతలన్నియు నిరాధారములగును. స్లాబు పోసిన దినమున ఆ కాంక్రీటుతోనే రెండు సిలిండర్లు పోసి, వంతెన దాపుననే, దాని గాలిలోనే నిలుపుడు. పైవంపును లెక్కించునప్పుడు ప్రారంభోత్సవపు నాటి క్రుంగుడును గాక ముప్పదియేండ్ల నాటి క్రుంగుడును లెక్కింపుడు. సంకోచమొక్కటియే ఎంత క్రుంగుడును చేర్చునో పైన చూచితిమి.

తీగల కొనల విషయమున మాత్రము ఒకింత పట్టుదలతో చెప్పెదను. వాహనముల తాకిడికిని వర్షమునకును మొదట శిథిలమగునది స్లాబు. ఉక్కు దూలము దానికన్న చిరకాలము నిలుచును. అందుచేత వంతెన జీవితమున ఒక్కసారియైనను స్లాబును కొట్టివేసి క్రొత్తది పోయు దినము వచ్చును. ఆనాడు శాశ్వత భారము తొలగిపోయి తీగ లాగుడు మాత్రము మిగిలినచో, క్రింది ఫ్లాంజి సంపీడనమున నిలిచి ప్రక్కకు మెలితిరుగు ప్రమాదము కలుగును. అదియుగాక, సంకోచముచే పై ఫ్లాంజిలో చేరిన 42 న్యూటన్లు స్లాబు తెగుచున్నకొలది విడుదలయగును. కావున స్లాబును తాకుటకు ముందు తీగలను వదలవలెను, క్రొత్త స్లాబు గట్టిపడినపిదప మరల బిగింపవలెను. తీగలను సిమెంటు పాలతో శాశ్వతముగ పూడ్చి, వెడ్జీలకు ఆవలి కొనలను మొదలంట కోసివేసినచో ఇది యసాధ్యము. గొట్టములలో మైనమో గ్రీజో నింపి, జాకీ పట్టుటకు చాలినంత పొడవును కొనలయందు విడిచి, వానిపై తీసి పెట్టదగిన ఉక్కు టోపీలను బిగించి, ఆ యాంకరేజి చెంతకు మనిషి జాకీతో సహా చేరగల చోటును అబట్‌మెంటు గోడకును దూలపు కొనకును నడుమ వదలుడు. డ్రాయింగులో ఆ ఖాళీ కొలతను, తీగలను వదలవలసిన క్రమమును, ఒక్కొక్క తీగలో తొలినాడు నిలిపిన బలమును వ్రాసిపెట్టుడు.